ఇల్లు మీదే

"ఇక మా దృష్టంతా ఇల్లు మీదే!"

ఎర్ర గుడ్డ మీద పసుపు అక్షరాల బ్యానరు. ఏలూరులో సన్నజాజి శారీస్ రెండో అంతస్తులో, పట్టుచీరల బీరువాలకు అడ్డంగా కట్టారు. దాన్ని మొట్టమొదట చదివింది పుష్పమ్మ. షోరూం ఊడ్చే పుష్పమ్మకు చదువు ఈమధ్యనే వచ్చింది, అందుకని కనబడిన అక్షరాన్ని వదలదు. చీపురు చంకలో పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివి, చివరి రెండు మాటల దగ్గర ఆగిపోయింది.

"పెర్సిసమ్మగారూ, ఇల్లు మీదే అంటన్నారండీ. అంటే మనదేనాండీ?"

పెర్సిస్ చేతిలో వంగపండు రంగు ఉప్పాడ చీర ఉంది. దాని మడత సగంలో ఆగింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఆ పరుపు మీద కూర్చుని ఊరందరికీ చీరలు చూపించిన మనిషి, అబద్ధమెందుకు, నమ్మింది. ఒక్క క్షణమే. కానీ కలకు క్షణం చాలు. ఆ క్షణంలోనే వీధి గుమ్మం తూర్పుకు పెట్టేసింది. వంటింటి కిటికీలో పుదీనా కుండీ పెట్టేసింది. ముందుగదికి ఉల్లిపొర రంగు వేయించాలా, గంధం రంగా అని తేల్చుకోలేక సతమతమైపోయింది.

చెప్పుల సెక్షన్ నుంచి పైకొచ్చిన విశ్వాసం బ్యానరు చదివి, నిట్టూర్చి, "మీదే అంటే మీది కాదమ్మా. ఇంటి మీద అని. ఇంటి మీద దృష్టి, మన మీద వేటు," అన్నాడు.

ఉల్లిపొర రంగు గోడ అలా గాలిలోనే కరిగిపోయింది. పెర్సిస్ సిగ్గుపడి, చీర మడత పూర్తిచేసింది.

సాయంత్రం ఫణికిరణ్ వచ్చాడు. కొట్టు పెట్టిన పెద్దాయన మనవడు. మంచివాడే, మాటకు ముందు గొంతు సవరించుకుంటాడు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. మనం ఆరు పడవల మీద పెట్టాం. చీరలు, చెప్పులు, స్టీలు సామాను, కిరాణా, ఆటబొమ్మలు, ఇంటి సామగ్రి. ఇక నుంచి ఒకటే పడవ. ఇల్లు. రంగులు, టైల్సు, కుళాయిలు, తలుపులు, బాత్రూం సామాను. మిగతావన్నీ మూసేస్తున్నాం."

"ఉన్నవే రెండు కాళ్ళు, ఆరు పడవల మీద ఎలా పెట్టారండీ?" అని విశ్వాసం పెర్సిస్ చెవిలో అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోడానికి పైట కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వొచ్చే జబ్బు ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఉంది. చర్చిలో కూడా.

ఫణికిరణ్ ఒక దారి చూపించాడు. ఇష్టమైనవాళ్ళు తాడేపల్లిగూడెం హైవే మీదున్న సన్నజాజి హోమ్‌కు రావచ్చు. మూడు నెలలు గడువు. ఆ మూడు నెలల్లో ఒక్కొక్కరూ ఒక్క ఇల్లు తేవాలి. గేటు రంగు నుంచి బాత్రూం కుళాయి దాకా సమస్తం తమ దగ్గరే కొనే ఒక్క ఇల్లు. తెచ్చినవాళ్ళు ఉద్యోగంలో ఉంటారు. తేలేనివాళ్ళను ఆఖరి శనివారం శాలువా కప్పి సన్మానిస్తారు. శాలువా అంటే ఏమిటో అక్కడందరికీ తెలుసు.

పెర్సిస్ పవరుపేటలోని తన అద్దె ఇంటికి నడుచుకుంటూ వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా అదే ఇల్లు. ఇంటాయన మంచివాడే గాని గోడకు మేకు కొట్టనివ్వడు. అందుకని ఆ ఇంట్లో క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడుతుంది, అద్దం బీరువా మీద ఒరిగి కూర్చుంటుంది, ఏసుప్రభువు పటం ఫ్రిజ్జు పైన నిలబడి ఫ్రిజ్జు ఆగినప్పుడల్లా చిన్నగా వణుకుతుంది. మూడేళ్ళకోసారి ఇంటాయన సున్నం వేయిస్తాడు. లేత నీలం. ఎప్పుడూ లేత నీలమే.

గుమ్మం పక్కన కుట్టు మిషను ముందు భర్త చిట్టిబాబు కూర్చుని ఉన్నాడు. ఆయన పని చీరలకు ఫాల్ కుట్టడం, అంచుకు పికో వేయడం. పెర్సిస్ అమ్మిన చీరలన్నీ ఆయన చేతిమీదుగానే పోయేవి. సంగతి విని మిషను చక్రాన్ని చేత్తో ఆపాడు.

"ఇళ్ళకు ఫాల్ కుట్టరు కదూ," అన్నాడు.

"కుట్టరండీ."

"అయితే నువ్వే ఇల్లు తేవాలి పెర్సిసూ."

* * *

పొద్దున్న ఏడింటి రైలు. ఏలూరు దాటాక దెందులూరు, భీమడోలు, పూళ్ళ, అలా గూడెం దాకా. పెర్సిస్ ఎప్పుడూ కుడివైపు కిటికీ దగ్గరే కూర్చుంటుంది. పక్కవాళ్ళు ఫోన్లు చూసుకుంటుంటే ఆవిడ చేపల చెరువులు చూస్తుంది. మంచు పూర్తిగా విడవని వేళలో చెరువులు నీళ్ళలా ఉండవు, విప్పి పరచిన చీరల్లా ఉంటాయి. ఒకటి పావురాయి రంగు. ఒకటి నెమలికంఠం. గట్టు వారగా గుర్రపుడెక్క పూసినచోట అంచు. కొంగ లేచిందంటే ఎవరో కొంగు విసిరినట్టే.

ఆవిడ కొల్లేటి లంకలో పుట్టింది. తండ్రి వెస్లీ కట్టిన మట్టిగోడల ఇంట్లోకి ఏటా వరద వచ్చేది. నీళ్ళు తీశాక గోడకు నడుము ఎత్తున గీత గీసినట్టు ఉండేది. పైన సున్నం తెలుపు, కింద కొల్లేరు. వాళ్ళమ్మ కింద సగానికి కొత్త మట్టి మెత్తుతూ, "ఏటా కొత్తిల్లే మనకి, ఇంకెవరికుందే ఇంత భాగ్యం" అనేది. చిన్న పెర్సిస్ ఆ మాట నిజమనే అనుకుని బళ్ళో కూడా చెప్పుకుంది. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

పూళ్ళ స్టేషను వచ్చేముందు, చెరువు గట్టు అవతల సగం కట్టిన ఇల్లొకటి కనిపించేది. ఎవరిదో తెలియదు. మొదటివారం ఇటుకలు. తర్వాత ప్లాస్టరింగు. తర్వాత తెల్లగా పుట్టీ పెట్టి వదిలేశారు. రంగు వేయని ఇల్లు అలా కళ్ళముందు నిలబడి ఉంటే పెర్సిస్ చేతులూరుకోలేదు. రోజూ రైలు అక్కడ నెమ్మదించే అర నిమిషంలో దానికి రంగులు వేయడం మొదలుపెట్టింది. సోమవారం మెంతిరంగు. మంగళవారం చెరిపేసి మామిడిచిగురు. ఒకరోజు ధైర్యం చేసి కనకాంబరం వేసింది గాని, చేబ్రోలు వచ్చేలోపే భయమేసి తీసేసింది.

* * *

సన్నజాజి హోమ్ అద్దాల పెట్టె లాంటి షోరూం. కమోడ్లు అమ్మే కొట్టుకు సన్నజాజి అని పేరేమిటని కొన్నవాళ్ళెవరూ అడగరు, కొననివాళ్ళే అడుగుతారు. అక్కడ రంగులకు పేర్లు లేవు. నంబర్లున్నాయి.

"ఎన్ డబ్ల్యూ రెండు నాలుగు ఒకటి ఏడు, ఆంటీ," అని చూపించింది ఇందు. రంగుల సెక్షన్‌కు ఆ పాతికేళ్ళ పిల్లే పెద్ద. చేతిలో ఎప్పుడూ టాబ్లెట్టు.

"ఇది ముక్కుపొడి రంగు కదమ్మా?"

"ముక్కుపొడా? ఛీ ఆంటీ! కస్టమర్ల ముందు అనకండి."

మొదటివారంలోనే పెర్సిస్ ఒక పని చేసింది. జంగారెడ్డిగూడెం నుంచి వచ్చినాయన గోడకు అంటించే పూల కాగితం చూపించమంటే, చుట్ట విప్పి, ఇరవై రెండేళ్ళ అలవాటున కుచ్చిళ్ళు పెట్టి, భుజం మీదుగా పైట వేసేసుకుని, "చూడండి, ఒంటి మీద ఎలా నప్పుతుందో," అంది. ఆయన బిత్తరపోయి భార్య వైపు చూశాడు. ఆవిడ మాత్రం, "ఇంకో డిజైను వేసుకోండమ్మా," అంది. నాలుగు వేసుకుని చూపించింది. వాళ్ళు ఏదీ కొనలేదు గాని, ఆవిడ వెళ్ళేముందు ఆ పూలతో చీర ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని వెళ్ళింది.

విశ్వాసాన్ని టైల్స్‌లో వేశారు. అతను టైలును చేత్తో కొలిచి, "ఎనిమిదో నంబరు సరిపోద్దండీ, వాడగా వాడగా వదులవుద్ది," అనేవాడు. రెండో నెలలో అతనికి ఇల్లు దొరికిందని కొట్టంతా చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే అది అతని సొంత ఇల్లే. అసలు ఉన్నది ఒకటే బాత్రూం, దానికే ఆర్డరు రాసుకున్నాడు. ఫణికిరణ్ గొంతు సవరించుకుని కొత్త నిబంధన పెట్టాడు. ఉద్యోగుల సొంత ఇళ్ళు లెక్కలోకి రావు.

"నాకా భయం లేదు," అంది పెర్సిస్. "సొంత ఇల్లుంటే కదా."

ఆ తర్వాతి వారం జరిగింది అసలు సంగతి.

ఇంటి కప్పు కింద అందం కోసం ఇంకో కప్పు వేయించుకోవడాన్ని అక్కడందరూ ఫాల్ సీలింగ్ అంటారు. తొందరలో ఉన్నవాళ్ళు ఉత్త ఫాల్ అంటారు. ఈ రెండో మాట పెర్సిస్‌కు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కళ్ళు మూతలు పడుతున్న వేళ, అబ్దుల్ మజీద్ అనే పెద్దమనిషి భార్య గౌసియాతో వచ్చాడు. చెరువుల మోటార్లు బాగుచేసే మనిషి, గోళ్ళ సందుల్లో గ్రీజు.

"అమ్మా, ఫాల్ వేయించాలి. ఎన్నాళ్ళు పడుతుంది?"

కొత్త కొట్టులో మొదటిసారి తెలిసిన మాట వినబడింది. పెర్సిస్ ప్రాణం లేచి వచ్చింది.

"ఎల్లుండి సాయంత్రానికి ఇచ్చేస్తామండీ. మా ఆయనే కుడతారు."

మజీద్ తలెత్తి కొట్టు కప్పు వైపు చూశాడు. "ఒక్కరే చేస్తారా?"

"ఒక్కరేనండీ. చెయ్యి తిరిగిన మనిషి. ఎన్నున్నాయండీ?"

"మూడమ్మా. హాలుదొకటి, బెడ్రూములవి రెండు. హాలు పద్నాలుగు బై పదహారు."

"పదహారు మూరలా! ఎనిమిది గజాలదాండీ?" అంది పెర్సిస్, రాసుకుంటూ. "పర్లేదు, మీరిక్కడ ఇచ్చి వెళ్ళండి. కవర్లో పెట్టి ఇస్తాం."

"హాలుని... ఇక్కడ ఇచ్చి వెళ్ళాలా?"

ముందుగా అర్థమైంది గౌసియాకు. ఆవిడ నవ్వు మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాల్లోంచి వచ్చింది, ఇక నిలబడలేక వెనక్కి చూడకుండా దేని మీదో కూర్చుండిపోయింది. కూర్చున్నది షోకేసులోని తెల్లటి కమోడ్ మీద. అది తెలిశాక నవ్వు ఇంకా పెరిగింది. "ఏవండీ, లేపండి, లేపండి," అంటూ చెయ్యి చాపింది. మజీద్ అటు భార్యనూ ఇటు పెర్సిస్‌నూ చూసి, ఎవరికి సాయం చేయాలో తెలియక టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

వాళ్ళు ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి కొట్టులో ఆవిడ పేరు ఫాల్ ఆంటీ. ఎవరూ చెడ్డగా అనలేదు. కానీ ఆ సాయంత్రం రైల్లో పెర్సిస్ పూళ్ళ దగ్గర కిటికీలోంచి చూడలేదు. తెల్లటి ఇల్లు తెల్లగానే వెళ్ళిపోయింది.

* * *

మూడో నెల చివరి వారం. విశ్వాసం అప్పటికి పాస్టరుగారి కొత్త ఇల్లు పట్టేసి గట్టెక్కాడు. పెర్సిస్ చేతిలో ఏమీ లేదు. శనివారానికి శాలువాలు వచ్చాయని ఇందు చెప్పకుండా ఉండలేక చెప్పేసింది.

"ఎన్ని వచ్చాయమ్మా?"

"ఒకటే ఆంటీ," అని ఇందు తల దించుకుంది.

ఆ సోమవారం కొట్టుకు ఫోను వచ్చింది. ఇందు ఎత్తి, చేత్తో మూసి, "ఎవరో ఆంటీ. ఫాల్ కుట్టే అమ్మగారు కావాలంటున్నారు," అంది.

పెర్సిస్ ఫోను తీసుకుంది. అవతల గౌసియా.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు. ఆ రోజు ఇంటికెళ్ళాక కూడా మూడు రోజులు నవ్వాను. ఇప్పుడు మాత్రం ఏడుపొస్తోంది. ఇల్లంతా పుట్టీ పెట్టి రెండు నెలలైంది. ఆయన ముదురు రంగంటారు, నేను లేత రంగంటాను. గోడమీద ఆరు చోట్ల ఆరు రంగులు పూసి చూశాం. చూస్తే మశూచి పోసినట్టుంది. మాట్లాడుకోవడం మానేశాం. ఆ కార్డుల్లో చదరాలు చూస్తే నాకేం తెలీడంలేదు. మీరొచ్చి చీరలు చూపించినట్టు చూపిస్తారా?"

మరునాడు మంగళవారం పెర్సిస్ సెలవు పెట్టింది. పొద్దున్నే బీరువా తెరిచింది. ప్రతి క్రిస్మస్‌కూ కొట్టులో ఉద్యోగులకిచ్చే తగ్గింపులో ఒక చీర తీసుకునేది. మొత్తం ఇరవై రెండు. అన్నిటినీ రెండు సంచుల్లో సర్ది, ఒకటి చిట్టిబాబుకు ఇచ్చింది. మిషను మీద పని లేక ఆయన చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"ఇల్లెక్కడంట?" అన్నాడు రైల్లో.

"పూళ్ళలో దిగమన్నారండీ. చెరువు గట్టు మీద నడిస్తే..."

మాట అక్కడే ఆగిపోయింది. గట్టు అవతల ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది, తెల్లటి ఇల్లు. ఆ ఇల్లే.

గుమ్మంలో అడుగు పెట్టేటప్పటికి ఆవిడకు చెప్పులు విడవాలో కళ్ళు తుడుచుకోవాలో తెలియలేదు. బయటినుంచి చూసిన కిటికీలకు ఇప్పుడు లోపలి వైపు నిలబడింది. దూరంగా రైలు పట్టాలు కనబడుతున్నాయి. ఇన్నాళ్ళూ అక్కడినుంచి ఇక్కడికి చూసిన పెర్సిస్ ఇంకా ఆ రైల్లోనే ఉన్నట్టు, ఈ ఇంట్లో ఉన్నది ఇంకెవరో అయినట్టు అనిపించింది.

"వెలుతురు ఎటునుంచి వస్తుందండీ పొద్దున్న?" అని మాత్రం అడిగింది.

చిట్టిబాబు గదికి అడ్డంగా తాళ్ళు కట్టాడు. పెర్సిస్ ఒక్కొక్క చీరే విప్పి గోడల ముందు వేలాడదీసింది. చెరువు మీంచి గాలి వచ్చింది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఉల్లిపొర రంగు మీదుగా ఎండ పడి నేల మీద గులాబీ మరక అయింది. మామిడిచిగురు వంటింట్లో నిలబడి వెలిగింది. నీటి మీంచి లేచిన వెలుతురు కప్పుకు తగిలి, అలలు అలలుగా చీరల మీదికి దిగింది. గౌసియా వాటి మధ్య చిన్నపిల్లలా తిరుగుతూ, ఒక చీర వెనక మాయమై ఇంకో చీర వెనకనుంచి బయటికొచ్చింది. మజీద్ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి వస్తే చేతుల గ్రీజు అంటుతుందని.

"ఇదీ నా బాధ," అన్నాడాయన మెల్లిగా, చేతులు చూపించి. "లేత రంగు బావుండదని కాదమ్మా. సాయంత్రం ఇంటికి రాగానే గోడ పట్టుకుని చెప్పులు విప్పుతాను. ఏడాదిలో నల్లబడుద్ది. ఆవిడేమో తుడుస్తానంటుంది. రోజూ ఆవిడ చేత నా చెయ్యి ఎందుకు తుడిపించాలి?"

రెండు నెలలుగా ఈ మాట ఆయన భార్యతో అనలేదని గౌసియా ముఖం చూస్తే తెలిసింది. ఆవిడ చీర చాటున నిలబడిపోయింది.

చిట్టిబాబు గొంతు మెల్లిగా వినబడింది. "ఫాల్ ఎందుకు కుడతాం? కింద నలుగుద్దనే కదా."

పెర్సిస్ భర్త వైపు చూసింది. తర్వాత గోడ వైపు చూసింది. గోడ మీద నడుము ఎత్తున ఒక గీత కనబడింది. పైన సున్నం, కింద కొల్లేరు. వాళ్ళమ్మ చేతి మట్టి.

"ఏవండీ మజీద్‌గారూ," అంది. "గోడకు ఫాల్ కుడదాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ గచ్చకాయ రంగు చీరను నిలువునా మడిచి, ఉల్లిపొర చీర కింద నడుము ఎత్తున పట్టుకుంది. కింద ముదురు, పైన లేత. మధ్యలో సన్నటి మెంతిరంగు అంచు. మజీద్ వచ్చి, ఆ ముదురు రంగు మీద చెయ్యి ఆనించబోయి, చీర అని గుర్తొచ్చి ఆగాడు. "ఇలా పట్టుకుంటాను," అని గాలిలో చూపించాడు. "అచ్చం ఇక్కడే."

ఇక పెర్సిస్‌ను ఆపేవాళ్ళు లేరు. గదిగదికీ ఫాల్ కుట్టింది, అంచు వేసింది, గుమ్మాలకు పైట చెంగు దిద్దింది. మాటలు నిద్రలో మాట్లాడినట్టు వస్తున్నాయి. "ఇక్కడ పుదీనా కుండీ. ఇక్కడ గోడకు మేకు కొట్టి క్యాలెండరు. ప్రభువు పటం ఆ పక్కన, వణకకుండా. ఈ కిటికీ పక్కన మీ మిషను పెట్టుకుంటే వెలుతురు బాగా పడుద్దండీ, సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడక్కర్లేదు..."

చిట్టిబాబు దగ్గాడు.

పెర్సిస్ ఆగింది. ఎవరి మిషను, ఎవరి ప్రభువు, ఎవరి ఇల్లు. చెవులు కాలిపోయాయి. గౌసియా ఏమీ విననట్టు కిటికీలోంచి చెరువు చూస్తూ, "టీ పెడతానుండండి," అంది. పొయ్యి ఇంకా బిగించలేదన్న సంగతి ఆవిడకు తర్వాత గుర్తొచ్చింది.

* * *

బుధవారం చీరలు కొట్టుకు తీసుకెళ్ళింది. ఇందు దగ్గర రంగును చదివే చిన్న యంత్రం ఉంది. దాన్ని చీర మీద ఆనిస్తే నంబరు చెబుతుంది. ఉల్లిపొరకు ఒక నంబరు వచ్చింది, గచ్చకాయకు ఒకటి. ఇందు నంబర్ల పక్కన, ఎవరూ చూడకుండా, పేర్లు కూడా టైపు చేసుకుంది. ముక్కుపొడితో సహా.

రంగులు, టైల్సు, కుళాయిలు, తలుపుల గొళ్ళేలు, ఆఖరికి గౌసియా కూర్చున్న కమోడ్. "అది నాకు అలవాటైపోయింది, అదే పంపండి," అని ఫోన్లో చెప్పింది. మొత్తం ఇల్లు. పెర్సిస్ ఆర్డరు కాగితం నింపింది. అక్షరాలు గుండ్రంగా, సంతోషంగా ఉన్నాయి. అందులోని పేరూ ఫోను నంబరూ వేసి డబ్బాలన్నిటికీ చీటీలు అతికించారు.

శనివారం సాయంత్రం అందరూ చేరారు. అదే బ్యానరు ఏలూరు నుంచి పుష్పమ్మ చేత తెప్పించి ఇక్కడ కట్టారు. బల్ల మీద శాలువా. ఫణికిరణ్ కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"పెర్సిస్‌గారూ, సొంత ఇల్లు లెక్కలోకి రాదని చెప్పాం కదండీ."

"నాకు సొంత ఇల్లు లేదండీ."

"మరిదేంటి?" అని కాగితం తిప్పాడు.

ఇంటి యజమాని పేరు అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, ఆవిడ రాతే: పెర్సిస్.

మూలనున్న ముప్ఫై డబ్బాల మీదా అదే పేరు, వరసగా. ఎలా రాసిందో ఆవిడకే తెలియదు. కలలో రాసిన అక్షరం నిద్ర లేచాక కూడా కాగితం మీద ఉండిపోవడం ఎంత సిగ్గో, అది పడినవాళ్ళకే తెలుస్తుంది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందో నవ్వొస్తుందో తెలియక పెదవి బిగబట్టింది. అందరూ ఆవిడ దొంగ ఆర్డరు రాసిందనే అనుకున్నారు. ఫణికిరణ్ చెయ్యి శాలువా మీదికి వెళ్ళింది.

ఇందు టక్కున ఫోను తీసి గౌసియాకు కలిపింది. అందరికీ వినబడేలా పెట్టింది.

"మేడం, మీ ఆర్డరులో ఇల్లు పెర్సిస్‌గారి పేరు మీద పడిందండీ."

అవతల మొదట ముక్కులోంచి చిన్న శబ్దం. "ఆగమ్మా, కూర్చోనీ. ఇక్కడ కూర్చోడానికి ఇంకా ఏమీ రాలేదు." నవ్వు కొట్టంతా నిండింది. అది తగ్గాక గౌసియా గొంతు మెత్తబడింది. "ఆ ఇల్లు ఆవిడదే అమ్మా. అలాగే ఉంచండి. మేం అందులో ఉంటాం, అంతే."

"అలా కుదరదండీ, బిల్లు..." అన్నాడు ఫణికిరణ్.

"బిల్లు మా ఆయన పేరు మీద రాసుకోండి. డబ్బాల మీద పేరు మాత్రం మార్చారంటే తీసుకోను. ఆ రోజు ఆ గదుల్లో ఆవిడ ముఖం మీరు చూడలేదు. నేను చూశాను."

ఫణికిరణ్ పైకి చూశాడు. పైన ఆయన రాయించిన బ్యానరే ఉంది. ఇల్లు మీదే. వెనకనుంచి విశ్వాసం, "మీరు ముందే చెప్పారుగా బాబూ," అన్నాడు. మొదట పుష్పమ్మ నవ్వింది, తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

ఫణికిరణ్ చేతిలో శాలువా ఉండిపోయింది. ఎవరికి కప్పాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు. పెర్సిస్ అలవాటున దాన్ని అందుకుని, వేళ్ళతో నలిపి, "అంచు బావుందండీ. రంగు మాత్రం వెలుతురులో చూడాలి," అని తలుపు దాకా తీసుకెళ్ళి ఎండలో పట్టుకుంది. వెలిసిన వంకాయ. మడత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

* * *

రెండువారాల తర్వాత ఒక పొద్దున్న, ఏడింటి రైలు పూళ్ళ దగ్గర నెమ్మదించింది. చెరువుల మీద మంచు. గట్టు అవతల ఇంటి ముందు నిచ్చెన, దాని మీద ఒక మనిషి. కింద గచ్చకాయ రంగు, పైన ఉల్లిపొర. నీళ్ళలో తలకిందులుగా ఇంకో ఇల్లు, దానికి ఫాల్ పైన ఉంది.

పెర్సిస్ ఫోను మోగింది. కొత్త నంబరు.

"నమస్తే అండీ, పెయింటర్నండీ. డబ్బా మీద నంబరుంటే చేశాను. పెర్సిస్‌గారి ఇల్లేనాండీ ఇది?"

నిచ్చెన మీది మనిషి ఒక చేత్తో ఫోను పట్టుకుని ఉన్నాడు. అతనికి ఎదురుగా పోతున్న రైల్లోంచి ఆవిడ అతన్నే చూస్తోంది.

"అవునండీ," అంది.

"హాలుకి రెండో కోటు వేసెయ్యమంటారా?"

"వెయ్యండి. కిటికీ పక్క గోడకు మాత్రం ఎండ పూర్తిగా వచ్చాక వెయ్యండి. అక్కడ మా ఆయన మిషను..." అని నాలుక కరుచుకుని, ఎదురుగా కూర్చున్న ముసలాయన వింటున్నాడేమోనని చూసి, గొంతు తగ్గించి, "మిషను లేదులెండి. అయినా ఎండ వచ్చాకే వెయ్యండి," అంది.